ఇంటి చరిత్రకు ఆధారాలు: జనాభా లెక్కలను ఎలా నమోదు చేసుకోవాలి?



మీ తాతగారి తండ్రి పేరేమిటి? ఆయన ఏ ఊరివారు? ఈ ప్రశ్నలకు మీలో కొందరు వెంటనే జవాబు చెప్పగలరు. "ఆ సంగతి నీకెలా తెలిసింది?" అని ఇంకొక ప్రశ్న వేస్తే మాత్రం ఆ కొందరిలో చాలామంది తడుముకుంటారు. ఈనాటి పాఠం ఆ రెండవ ప్రశ్నను గురించినది.

కుటుంబ చరిత్రను, అంటే వంశవృక్షాన్ని, కంప్యూటరులో దాచుకోవడానికి అనేక సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. 2001లో మొదలైన గ్రాంప్స్ వాటిలో ఒకటి. దానికి డబ్బు కట్టనక్కరలేదు. పేర్లు, పుట్టిన తేదీలు, ఊళ్ళు ఎక్కిస్తూ పోతే చెట్టు బొమ్మ దానంతటదే తయారవుతుంది. బొమ్మ చూడగానే ముచ్చట వేస్తుంది. కాని అందులోని ప్రతి మాటకూ ఆధారం ఏమిటో రాసిపెట్టకపోతే, పదేళ్ళ తరువాత ఏది నిజమో, ఏది ఊహో రాసిన మనకే తెలియదు. చరిత్ర విద్యార్థి నేర్చుకోవలసిన మొదటి అలవాటు ఇదే. దీన్ని జనాభా లెక్కల ఉదాహరణతో, హాడోలో స్థిరపడిన తెలుగువారిని దృష్టిలో పెట్టుకొని నేర్చుకుందాం.

హాడోనే ఎందుకు?

హాడో అండమాన్ నికోబార్ దీవుల రాజధానిలో ఒక పేట. ఆ రాజధానిని 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్ అనేవారు. ఆ నెలలో దానికి శ్రీ విజయ పురం అని పేరు మార్చారు. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నంల నుండి ప్రయాణికుల ఓడలు వచ్చి ఆగేది హాడో రేవులోనే. అక్కడి నుండి వంతెన దాటితే చాథమ్ దీవి వస్తుంది. 1883లో మొదలైన ప్రసిద్ధమైన కలప కోత మిల్లు అక్కడే ఉంది.

కూలిపనికి, చేపలవేటకు, చిన్న వ్యాపారానికి, ప్రభుత్వోద్యోగానికి ఉత్తరాంధ్ర నుండి, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి, ఎన్నో కుటుంబాలు ఈ దీవులకు చేరాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల మొత్తం జనాభా 3,80,581. అందులో వందకు 13 మందికి పైగా తెలుగును తమ మాతృభాషగా చెప్పారు. అంటే దాదాపు 50 వేల మంది. బెంగాలీ, హిందీ, తమిళాల తరువాతి స్థానం తెలుగుదే.

ఈ కుటుంబాలలో ఇప్పుడు మూడవ తరం, నాలుగవ తరం పిల్లలు చదువుకుంటున్నారు. వీధిలో, బడిలో హిందీ, ఇంట్లో తెలుగు. ఓడ ఎక్కి వచ్చిన మొదటి తరంవారు ఒక్కొక్కరుగా దాటిపోతున్నారు. ఆ ఓడ ఏ ఏటిది, విడిచి వచ్చిన ఊరు ఏది, వెంట వచ్చినవారెవరు అన్న సంగతులు వారి మాటల్లో మాత్రమే ఉన్నాయి. ఆ మాటలను ఇప్పుడు రాసుకోకపోతే ఇక ఎప్పటికీ దొరకవు. రాసుకునేటప్పుడు ఆధారం లేకుండా రాసుకున్నా సగం పోయినట్లే.

జనాభా లెక్కలు మనకు ఏమి ఇస్తాయి? ఏమి ఇవ్వవు?

ఇంగ్లీషులో వచ్చిన కుటుంబ చరిత్ర పుస్తకాలు ఏవి తెరిచినా "మొదట సెన్సస్ చూడండి" అని ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1921 నాటి జనాభా లెక్కల కాగితాలను నూరేళ్ళు గడిచాక 2022 జనవరిలో ప్రజలకు తెరిచారు. అమెరికాలో 72 ఏళ్ళ గడువు ఉంది. 1950 నాటి కాగితాలను 2022 ఏప్రిల్‌లో విడుదల చేశారు. అక్కడివారు తమ ముత్తాత పేరు, వయసు, వృత్తి, ఆ ఇంట్లో ఉన్నవారందరి పేర్లు ఆ కాగితం మీదే చూడగలరు. కుటుంబ చరిత్ర సాఫ్ట్‌వేర్‌లలో ఎక్కువ భాగం ఆ దేశాల అవసరాలను దృష్టిలో పెట్టుకొని తయారైనవే. అందుకే వాటిలో "సెన్సస్" అనే ప్రత్యేక సంఘటన ఒకటి సిద్ధంగా ఉంటుంది.

మన దేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ తొలి జనాభా లెక్కలు 1872 ప్రాంతంలో జరిగాయి. దేశమంతటా ఒకేసారి జరిగిన మొదటి లెక్కలు 1881 నాటివి. అప్పటి నుండి పదేళ్ళకొకసారి 2011 వరకు తప్పకుండా జరిగాయి. కాని ఇంటింటికీ తిరిగి ఎన్యూమరేటరు నింపిన షెడ్యూలు మనకు చూపరు. 1948 నాటి జనాభా లెక్కల చట్టంలోని 15వ సెక్షను ప్రకారం ఆ కాగితాలను తనిఖీ చేసే హక్కు ఎవరికీ లేదు. సివిల్ దావాలలో వాటిని సాక్ష్యంగా కూడా స్వీకరించరు. ప్రజలు భయం లేకుండా నిజం చెప్పాలంటే ఆ రహస్యం ఉండి తీరాలి. మన ఇంటి సంగతి కోర్టుకు గాని, పన్నుల శాఖకు గాని పోదన్న నమ్మకం మీదే లెక్కలన్నీ నిలబడి ఉన్నాయి.

మరి మనకు దొరికేది ఏమిటి? అచ్చయిన పట్టికలు. ఏ ఊళ్ళో ఎన్ని ఇళ్ళు, ఎంతమంది స్త్రీలు, ఎంతమంది పురుషులు, ఎంతమంది చదువుకున్నవారు, ఎవరి మాతృభాష ఏది అన్న మొత్తాలు. 1951 నుండి జిల్లావారీగా సెన్సస్ హ్యాండ్‌బుక్‌లు వచ్చాయి. వాటిలో ఊరి వివరాలు కూడా ఉంటాయి. మనిషి పేరు మాత్రం ఉండదు.

దీని నుండి ఒక ముఖ్యమైన సూత్రం వస్తుంది. మీ తాతగారి పేరు ఎదురుగా "సెన్సస్, 1961" అని సంఘటన నమోదు చేసి, ఆధారంగా "భారత జనాభా లెక్కలు, 1961" అని రాశారనుకోండి. చూసినవారు మీరు ఆయన పేరున్న కాగితం చూశారని అనుకుంటారు. మీరు చూసింది ఊరి మొత్తం జనాభా మాత్రమే. తెలిసి చేసినా తెలియక చేసినా అది తప్పుడు సాక్ష్యమే. మన జనాభా లెక్కల పట్టిక ఊరికి ఆధారం అవుతుంది, కాలానికి ఆధారం అవుతుంది. మనిషికి ఆధారం కాదు. కాబట్టి దాన్ని ఊరి పేరుకు తగిలించండి. మనిషికి తగిలించకండి.

మూలం, ఆధార సూచన, దాచిన చోటు

ఇక సాఫ్ట్‌వేర్‌లోకి వద్దాం. గ్రాంప్స్ వంటి వాటిలో ఆధారాన్ని మూడు మెట్లుగా విడదీస్తారు.

మొదటిది మూలం. అంటే పుస్తకం, రిజిస్టరు, ఉత్తరం, రికార్డు చేసిన సంభాషణ. మొత్తంగా ఆ వస్తువు. "శ్రీకాకుళం జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్, 1961" ఒక మూలం.

రెండవది ఆధార సూచన. ఆ మూలంలో సరిగ్గా ఏ చోట? ఎన్నవ పుట, ఏ తాలూకా పట్టిక, ఎన్నవ వరుస? మీరు దాన్ని ఏ తేదీన చూశారు? అక్కడ అచ్చులో ఏమని ఉంది? ఒకే మూలానికి పది ఆధార సూచనలు ఉండవచ్చు.

మూడవది దాచిన చోటు. ఆ మూలం ఎక్కడ దొరుకుతుంది? జిల్లా గ్రంథాలయంలోనా, జనాభా లెక్కల శాఖవారి వెబ్‌సైటులోనా, నాన్నమ్మ ట్రంకుపెట్టెలోనా?

ఒక పోలిక చెబుతాను. మీ మిత్రుడికి ఇల్లు గుర్తు చెప్పేటప్పుడు "హాడోలో ఉంటాను" అంటే చాలదు. ఏ వీధి, ఎన్నో ఇల్లు అని చెప్పాలి. మూలం పేట పేరు వంటిది. ఆధార సూచన ఇంటి నంబరు వంటిది. చాలామంది పేట పేరు చెప్పి ఊరుకుంటారు. తరువాత వెతికేవారు వీధులన్నీ తిరగవలసి వస్తుంది.

ఆధార సూచన సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మిమ్మల్ని ఎన్నడూ చూడని ఒక విద్యార్థి, మీరు రాసినది మాత్రమే చేత పట్టుకొని వెళ్ళి, అదే పుటను తెరవగలగాలి. తెరవగలిగితే మీ సూచన సరైనది.

ఒక ఉదాహరణ

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. హాడోలో ఉండే ఒక ఇంటర్మీడియట్ విద్యార్థిని తన తాత సింహాచలం ఈ దీవులకు ఎప్పుడు వచ్చాడో తెలుసుకోవాలనుకుంది. తాత లేడు. నాన్నమ్మ ఉంది. అడిగితే, "మీ నాన్న నడక నేర్సిన ఏడు ఓడెక్కినాం" అంది. ఊరు సోంపేట దగ్గర ఒక పల్లె అని చెప్పింది.

ఇది మొదటి మూలం. చాలామంది దీన్ని మూలంగానే లెక్కపెట్టరు. "నాన్నమ్మ చెప్పింది, అంతే కదా" అంటారు. అలా వదలకూడదు. మూలం: నాన్నమ్మతో సంభాషణ. ఆధార సూచన: ఏ తేదీన, ఎక్కడ, ఎవరు అడిగారు, ఏ ప్రశ్నకు ఈ జవాబు వచ్చింది. ఆమె అన్న మాట అన్నట్లుగానే, ఆమె యాసలోనే రాయాలి. దాచిన చోటు: ఫోనులో చేసిన రికార్డింగు, దాని నకలు ఉన్న పెన్‌డ్రైవు.

రెండవ మూలం, నాన్నగారి స్కూలు సర్టిఫికేటు. అందులో పుట్టిన తేదీ 1960 జూన్ అని ఉంది. పిల్లలు ఏడాది నిండే వేళకు నడక నేరుస్తారు కాబట్టి ప్రయాణం 1961లో జరిగి ఉండవచ్చు. కాని జాగ్రత్త. ఆ రోజుల్లో బడిలో చేర్చేటప్పుడు వయసు సరిపెట్టడానికి జూన్, జూలై తేదీలు వేయడం మామూలే. ఈ సందేహాన్ని కూడా ఆధార సూచన కింద ఉన్న "గమనిక" గడిలో రాయాలి.

మూడవ మూలం, 1961 జనాభా లెక్కలు. ఆ లెక్కలకు ప్రామాణికమైన తేదీ 1961 మార్చి 1. ఆనాటికి ఈ కుటుంబం సోంపేట పల్లెలో ఉందా, హాడోలో ఉందా? రెండూ సాధ్యమే. పేర్లు మనకు చూపరు కనుక ఈ ముడి సెన్సస్‌తో విడదు. హ్యాండ్‌బుక్‌లో ఆ పల్లె పేరు ఉంటే, అలాంటి పల్లె ఉన్నదని, అప్పటికి అది ఎంత పెద్దదని తెలుస్తుంది. అంతవరకే రాసుకోవాలి.

నాలుగవ మూలం, అండమాన్ దీవుల పట్టికలు. దీవుల జనాభా 1951లో 30,971, 1961లో 63,548, 1971లో 1,15,133. తాతగారు వచ్చారని మనం అనుకుంటున్న కాలంలో దీవులకు వలస ఉప్పెనలా సాగింది. నాన్నమ్మ మాట ఈ అంకెలతో పొసగుతుంది. పొసగడం వేరు, రుజువు కావడం వేరు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా తెలిసినవాడే చరిత్ర రాయడానికి అర్హుడు.

అంకెలను విడిగా చూస్తే మోసపోతాం కూడా. 1941లో దీవుల జనాభా 33,768. 1951కి అది తగ్గింది. ఎందుకు? 1942 మార్చి నుండి 1945 అక్టోబరు వరకు ఈ దీవులు జపాను సైన్యం ఆక్రమణలో నలిగిపోయాయి. శిక్షాస్థావరం కూడా ఆ దశకంలోనే ముగిసింది. పట్టికలో అంకె మాత్రమే ఉంటుంది, కారణం ఉండదు. కారణానికి వేరొక మూలం వెతకాలి.

చివరికి ఆ విద్యార్థిని ఏమి రాయాలి? "1961లో వచ్చారు" అని కాదు. "1960, 1962 మధ్య" అని రాయాలి. సాఫ్ట్‌వేర్‌లు ఇలాంటి తేదీలను అంగీకరిస్తాయి. దాని కింద నాన్నమ్మ మాటను, స్కూలు సర్టిఫికేటును ఆధార సూచనలుగా తగిలించాలి. సెన్సస్ హ్యాండ్‌బుక్‌ను ఊరికి తగిలించాలి. రేపు ఒక పాత ఉత్తరమో, ఉద్యోగపు కాగితమో దొరికితే తేదీని సరిదిద్దవచ్చు. పాత సూచనలు ఎక్కడికీ పోవు.

ఊరు ఒకటే, జిల్లాలు మూడు

పైన చెప్పిన సోంపేటనే తీసుకుందాం. 1931 జనాభా లెక్కల్లో సోంపేట తాలూకాను వెతకాలంటే మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా పట్టికలు తెరవాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంలోని తెలుగు ప్రాంతాలను విశాఖపట్నం జిల్లాలో కలిపారు. కాబట్టి 1941 లెక్కల్లో అదే తాలూకా విశాఖపట్నం జిల్లాలో ఉంటుంది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. 1951 లెక్కల్లో సోంపేట శ్రీకాకుళం జిల్లాలో ఉంటుంది, కాని రాష్ట్రం ఇంకా మద్రాసే. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1న. 1961 నాటికి అది ఆంధ్రప్రదేశ్. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి.

ఊరు అంగుళం కదలలేదు. పైన బోర్డులే మారాయి. తాతగారి తండ్రి "గంజాం జిల్లావాడు" అని ఒక కాగితంలో, "విశాఖపట్నం జిల్లావాడు" అని ఇంకొక దానిలో కనిపిస్తే ఇద్దరు మనుషులు అనుకోవద్దు. సాఫ్ట్‌వేర్‌లో ఊరిని ఒక్కసారే నమోదు చేసి, ఏ ఏడు నుండి ఏ ఏడు వరకు ఏ జిల్లా కిందికి వచ్చిందో తేదీలతో చూపించే వీలు గ్రాంప్స్‌లో ఉంది. ఆధార సూచనలో మాత్రం ఆ పుస్తకం అట్ట మీద ఏ జిల్లా పేరు అచ్చయిందో ఆ పేరే ఉండాలి. లేకపోతే పుస్తకం దొరకదు.

దీవుల సంగతీ అంతే. 2001 లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో రెండే జిల్లాలు. 2006లో ఉత్తర, మధ్య అండమాన్ వేరే జిల్లా అయింది. అందుచేత 2011 పట్టికల్లో మూడు ఉంటాయి. పోర్ట్ బ్లెయిర్ అన్న పేరుతో అచ్చయిన పట్టికను మీరిప్పుడు శ్రీ విజయ పురం అని మార్చి రాయకండి. మూలంలో ఉన్నది ఉన్నట్లు సూచనలో రాయండి, నేటి పేరును ఊరి నమోదులో చేర్చండి.

ఎంతవరకు నమ్మవచ్చు?

అన్ని మూలాలూ ఒక్క తూకం తూగవు. ఒక సాఫ్ట్‌వేర్ నుండి ఇంకొక సాఫ్ట్‌వేర్‌కు వంశవృక్షాన్ని పంపడానికి జెడ్‌కామ్ అనే ఉమ్మడి రూపం ఉంది. అమెరికాలోని లాటర్ డే సెయింట్స్ చర్చివారు దీన్ని 1984లో మొదలుపెట్టారు. ఇందులో ప్రతి ఆధార సూచనకూ సున్న నుండి మూడు వరకు ఒక అంకె ఇచ్చే ఏర్పాటు ఉంది. సున్న అంటే ఆధారం లేని అంచనా. ఒకటి అంటే సందేహించదగినది. రెండు అంటే సంఘటన జరిగిన తరువాత ఎప్పుడో అధికారికంగా నమోదైనది. మూడు అంటే ప్రత్యక్షమైన తొలి ఆధారం.

ఇందులో ఒక విశేషం ఉంది. 1996 నాటి జెడ్‌కామ్ నియమాలలో "ఒకటి" అన్న అంకెకు ఉదాహరణలుగా నోటి మాటగా సేకరించిన సంభాషణలను, మౌఖిక వంశచరిత్రలను పేర్కొన్నారు. వాటి పక్కనే సెన్సస్‌ను కూడా చేర్చారు! ప్రభుత్వ ముద్ర ఉన్న సెన్సస్ కాగితాన్నీ, నాన్నమ్మ మాటనూ ఒకే వరుసలో కూర్చోబెట్టారన్నమాట. ఎందుకు? సెన్సస్ కాగితంలో ఉన్నది కూడా ఒకరు చెప్పిన మాటే కనుక. ఇంటి ముందుకొచ్చిన ఎన్యూమరేటరుకు ఎవరు ఎదురుపడితే వారు చెప్పిందే రాసుకుంటాడు. వయసు తెలియనివారు "నలభై ఉంటాయి", "అరవై ఐదు ఉండొచ్చు" అంటారు. అందుకే మన వయసుల పట్టికల్లో సున్నతో, ఐదుతో ముగిసే వయసులవారు ఎప్పుడూ ఎక్కువగా కనిపిస్తారు. బ్రిటన్‌లో 1841 లెక్కల్లో పదిహేనేళ్ళు దాటినవారి వయసును ఐదేళ్ళ లెక్కకు తగ్గించి రాయమని నియమమే పెట్టారు.

కాబట్టి ముద్ర చూసి నమ్మకండి. యాస విని కొట్టిపారేయకండి. చెప్పినదెవరు, ఆ సంగతి వారికి స్వయంగా తెలుసా, జరిగిన ఎన్నాళ్ళకు చెప్పారు అన్న మూడు ప్రశ్నలు వేయండి. కొడుకు నడక నేర్చిన ఏడు తల్లికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

పేర్లు దొరికే మూలాలు

సెన్సస్‌లో పేర్లు దొరకవన్నాం. అయితే పేర్లు ఎక్కడ దొరుకుతాయి? బడి రిజిస్టరులో, జనన మరణ రిజిస్టరులో, రేషను కార్డులో, పాత పట్టాలో, ఉద్యోగపు సర్వీసు పుస్తకంలో. అన్నిటికన్నా అందుబాటులో ఉన్నది ఓటర్ల జాబితా. అందులో పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు, ఇంటి నంబరు ఉంటాయి.

2025 నవంబరులో ఎన్నికల సంఘం కొన్ని రాష్ట్రాలలో, కేంద్రపాలిత ప్రాంతాలలో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలుపెట్టింది. అండమాన్ నికోబార్ కూడా వాటిలో ఉంది. అప్పుడు ఓటర్లు, 2002-2004 ప్రాంతంలో జరిగిన గత సవరణ జాబితాలో తమ పేరు గాని తల్లిదండ్రుల పేరు గాని ఏ భాగంలో, ఎన్నవ వరుసలో ఉందో వెతికి ఫారంలో రాయవలసి వచ్చింది. భాగం సంఖ్య, వరుస సంఖ్య. మనం ఇంతసేపూ చెప్పుకున్న ఆధార సూచన ఇదే! "మా నాన్న ఇక్కడే ఓటు వేశాడు" అంటే సరిపోలేదు. ఏ పుటలో ఉందో చూపించాలి. ఆధార సూచన పండితుల చాదస్తం కాదని, కుటుంబాల రోజువారీ అవసరమని దీని వల్ల తెలుస్తుంది.

సముద్రం దాటి ఇంకా దూరం వెళ్ళిన తెలుగువారి విషయంలో ఈ పని కొంత సులువు. మారిషస్, దక్షిణాఫ్రికాలోని నాటాల్, ఫిజీ దేశాలకు ఒప్పందపు కూలీలుగా వెళ్ళినవారి వివరాలు నాటి వలస కాగితాలలో పేరు పేరునా నమోదయ్యాయి. తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు వంటివి అందులో ఉంటాయి. మారిషస్‌లో ఆ రికార్డులను మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ భద్రపరిచింది. ఓడ పేరు, ఆ కూలీకి ఇచ్చిన సంఖ్య రాస్తే అదే ఆధార సూచన అవుతుంది.

తెలుగు పేర్లు, తెలుగు లిపి

మన పేర్లతో కొన్ని చిక్కులున్నాయి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. సాఫ్ట్‌వేర్ గడులు అందుకు తిరగబడి ఉంటాయి. గడి పేరు చూసి ఇంటిపేరును ఇంటిపేరు గడిలోనే వేయండి. ఆడవారికి పుట్టింటి ఇంటిపేరు వేసి, అత్తింటి ఇంటిపేరును రెండవ పేరుగా చేర్చండి. లేకపోతే తల్లివైపు చెట్టు ఒక్క తరంతో ఆగిపోతుంది.

దీవుల్లో ఇంకొక చిక్కు. హిందీ మాట్లాడే గుమాస్తా విన్నది విన్నట్లు ఇంగ్లీషులో రాసిన పేరు ఒక కాగితంలో ఒక రకంగా, ఇంకొక కాగితంలో ఇంకొక రకంగా ఉంటుంది. అప్పలస్వామి ఒకచోట అప్పాల్‌సామి కావచ్చు. ఆధార సూచనలో ఆ అక్షరాలను దిద్దకండి. సరైన తెలుగు పేరు మనిషి నమోదులో ఉండాలి, కాగితంలోని రూపం సూచనలో ఉండాలి.

తెలుగులోనే రాయండి. జెడ్‌కామ్ తాజా రూపం 2021లో వచ్చిన 7.0. అందులో యూనికోడ్‌కు చెందిన యూటీఎఫ్-8 పద్ధతి తప్పనిసరి, కాబట్టి తెలుగు అక్షరాలు చెడవు. పాత పద్ధతిలో ఎగుమతి చేస్తే మీ నాన్నమ్మ మాటలన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. ఎగుమతి చేసిన వెంటనే ఫైలు తెరిచి ఒకసారి చూసుకోండి.

బతికి ఉన్నవారి వివరాలను వారి అనుమతి లేకుండా ఎవరికీ పంపకండి. జనాభా లెక్కల చట్టం పాటించే గోప్యతను మన వంశవృక్షంలో మనమూ పాటించాలి.

మీరు చేయవలసిన పని

2025 జూన్ 16న వెలువడిన ప్రభుత్వ ప్రకటన ప్రకారం, 2011 తరువాతి జనాభా లెక్కలకు దీవులతో సహా దేశంలో ఎక్కువ భాగానికి ప్రామాణికమైన తేదీ 2027 మార్చి 1. మీ ఇంటివారు చెప్పిన జవాబులు మొత్తాలలో కలిసిపోతాయి. మీ మనుమలు అడిగినా ఆ కాగితం వారికి చూపరు. అందువల్ల ఆ లెక్కలకు మీ ఇంటి నకలు మీరే రాసుకోండి. ఆ తేదీన ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఎవరి వయసెంత, ఎవరు ఎక్కడ పుట్టారు, మాతృభాష ఏది, ఏ పని చేస్తారు? ఒక్క పుట చాలు. కింద రాసినవారి పేరు, రాసిన తేదీ వేయండి. దాన్ని సెన్సస్ అనకండి. "మా ఇంటివారు స్వయంగా రాసుకున్న కాగితం" అనే మూలంగా నమోదు చేయండి.

దానికన్నా ముందు ఈ వారంలోనే ఇంకొకటి చేయండి. మీ ఇంట్లో అందరికన్నా పెద్దవారి దగ్గర కూర్చొని మూడు ప్రశ్నలు అడగండి. ఏ ఊరి నుండి వచ్చారు? ఏ ఏడు వచ్చారు? అది మీకెలా గుర్తుంది? మూడవ ప్రశ్నకు వచ్చే జవాబును అందరికన్నా జాగ్రత్తగా, ఒక్క మాట మార్చకుండా రాసుకోండి. మీ చెట్టుకు మొదటి ఆధార సూచన అదే అవుతుంది.

సెలవు.